గేటు తెరిచే వేళ

ఏప్రిల్ 2

పొద్దున ఆరింటికి ఫోను హ్యాండిల్ తిప్పితే గేటన్నయ్య ఎత్తలేదు. మూడోసారి తిప్పాక ఎత్తి, "ఉన్నానమ్మా, ఉన్నాను. అంత గట్టిగా తిప్పకు, ఇక్కడ గంట ఊడి నా నెత్తిన పడేలా ఉంది" అన్నాడు.

నిన్న మిట్ట మీద మొదలైన కాల్పులు వాళ్ళ వైపూ వినిపించాయట.

"మీవాళ్ళే మొదలెట్టారంటోంది మా రేడియో" అన్నాను.

"మా రేడియో మీవాళ్ళంటోంది. నన్నడిగితే తొండలు మొదలెట్టి ఉంటాయి. ఆ మిట్ట మీద కాపురం ఉన్నవి అవొక్కటేగా."

మా మ్యాపులో ఆ మిట్ట మాది. వాళ్ళ మ్యాపులో వాళ్ళది. గడ్డి కూడా సరిగ్గా మొలవని రాళ్ళగుట్ట.

ఈ గొంతు పదకొండేళ్ళుగా వింటున్నాను. మనిషిని ఒక్కసారీ చూడలేదు. సరిహద్దుకి అటువైపు చెరువు గేటు ఆయన తెరుస్తాడు. నీళ్ళు మూడు మైళ్ళు కాలువలో నడిచొచ్చి మా పంపుహౌసు బావిలో పడతాయి. నేను మోటార్లు వేసి ఊరి ట్యాంకుకి ఎక్కిస్తాను. రెండు నీటి శాఖలూ నేను ఉద్యోగంలో చేరకముందే కుదుర్చుకున్న ఏర్పాటు ఇది. దేశాలు ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో కూడా మేమిద్దరం మాట్లాడుకున్నాం. చెరువు స్కేలు మీద నీళ్ళెన్ని అడుగులు, గేటు చక్రం ఎన్ని చుట్లు, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పి, మా రెండో మోటారు దగ్గు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలీదు. పాత లాగ్‌బుక్కులో సగం పేజీలు ఖాళీగా కనిపించాయి. చేతులు ఊరుకోవడం లేదు.

ఏప్రిల్ 3

సైన్యం లారీలు తీసుకుంటోంది. డ్రైవర్లతో సహా. మా ఆయనకి కాగితం వచ్చింది.

"ఆర్డరు లారీకే" అన్నాడు, కాగితం నాకు చూపిస్తూ. "నేను దాంతోపాటు వచ్చే సామాన్లలో ఉన్నాను. జాకీ తర్వాత రాశారు నన్ను."

నవ్వాను. ఆయన నవ్విస్తే నవ్వకుండా ఉండటం పందొమ్మిదేళ్ళలో నాకు చేతకాలేదు. తర్వాత పెరట్లోకి వెళ్ళి అవసరం లేకపోయినా బకెట్లు కడిగాను.

ఏప్రిల్ 4

వెళ్ళాడు. మిట్ట కింది దారిలో బియ్యం, డీజిలు మోస్తాడట. తుపాకులు కాదు. బియ్యం, డీజిలు.

ఏప్రిల్ 7

ఇంజనీరుగారు వచ్చారు. అటువైపు వెళ్ళే తీగలన్నీ కోసెయ్యమని పైనుంచి ఉత్తర్వు.

"కోస్తే నీళ్ళు ఎప్పుడొస్తాయో నాకెలా తెలుస్తుంది సార్? బావి ఎండి ఉన్నప్పుడు మోటారు వేస్తే గంటలో కాలిపోతుంది. ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని మీ ఇంటికే వస్తుంది."

ఆయన ఫోను వైపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కోశామని నేను రాసేశాను" అన్నారు. "కోయడం నీ చేతుల్లో ఉంది. నేనైతే చూడలేదు."

మంచి మనిషి. భయస్తుడు. రెండూ కలిసి ఉండటం వల్లే పనికొచ్చాడు.

ఏప్రిల్ 9

ఇకమీద రోజంతా నీళ్ళుండవు. వాళ్ళ అధికారులు ఉదయం ఐదున్నర నుంచి రెండు గంటలే గేటు తెరవమన్నారట, అదీ దారిలో ఉన్న వాళ్ళ రెండు పల్లెల కోసం. పది చుట్లకు మించొద్దట.

"పది చుట్లంటే మా పల్లెలకే సరిపోతుంది. మీదాకా రావు" అన్నాడు గేటన్నయ్య.

"మరెలా?"

"పద్నాలుగు తిప్పుతాను. నాలుగు లెక్క తప్పాననుకుంటారు. ముసలివాణ్ణి కదా."

ఐదున్నరకి తెరిస్తే ఏడింటికి నా దగ్గరికి వస్తాయి. తెరిచేముందు ఫోను చేస్తానన్నాడు. నేనిక ఐదింటికే డ్యూటీకి వెళ్ళాలి. పడుకుని కళ్ళు తెరుచుకుని ఉండేకన్నా అదే నయం.

ఏప్రిల్ 12

గేటుగది మీద ఇద్దరు జవాన్లని కాపలా పెట్టారట. మేడమీద ఇసుకబస్తాలు, దూరాలు చూసే అద్దం. గేటన్నయ్య మొదట్లో హడలిపోయాడు. ఇప్పుడు వాళ్ళ గురించి చెప్పి మురిసిపోతున్నాడు.

"పెద్దతను యుద్ధానికి ముందు దర్జీ అట. నా చొక్కా భుజం దగ్గర జారుతోందని తిడుతున్నాడు, కుట్టినవాడెవడో చెప్పు బాబాయ్ అంటున్నాడు. రెండోవాడికి తిండి ధ్యాస తప్ప వేరే లేదు. నేను ఐదున్నరకి రాగానే ఇద్దరూ కిందికి దిగొచ్చి నాతోపాటు చక్రానికి చెయ్యేస్తున్నారు. ఇన్నేళ్ళకి నా నడుముకి విశ్రాంతి దొరికిందమ్మాయ్."

"నాలుగు చుట్లు ఎక్కువ తిప్పుతున్నావని కనిపెట్టరా?"

"కనిపెట్టారు. దర్జీ అడిగాడు. కాలువ చివర ఆడపిల్ల ఒకతి ఖాళీ బావి ముందు కూర్చునుంటుందని చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు, తిప్పాడు."

నాకు నలభై ఆరేళ్ళు. ఆడపిల్లనట.

ఏప్రిల్ 13

మిట్ట మీద పేలుడు వినిపించినప్పుడల్లా అత్తయ్య లేచి దండెం మీది బట్టలు తెచ్చేస్తోంది. "వానొచ్చేలా ఉందే" అంటుంది. ఇవాళ ఐదుసార్లు తెచ్చింది. ఐదుసార్లు నేను మళ్ళీ ఆరేశాను. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, చెప్పినా లాభం లేదు.

ఆయన దగ్గర్నుంచి కబురు లేదు.

ఏప్రిల్ 14

కబురు లేదు. దారిలో ఫోన్లు పనిచెయ్యవుగా. అందుకే.

ఏప్రిల్ 15

టైర్ల షాపాయన బావమరిది శవం వచ్చింది. అతనూ లారీ డ్రైవరే, మా ఆయన వెనకాల లారీ. మిట్ట కింది మలుపులో షెల్లు పడిందట. ముందు వెళ్ళే లారీ ఏమైందని అడిగాను. తెచ్చినవాళ్ళకి తెలీదు. "ముందు లారీ ముందే వెళ్ళిపోయుంటుందమ్మా" అన్నాడొకడు. నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడో, నిజంగా చూశాడో తేలలేదు. రెండుసార్లు వెనక్కి వెళ్ళి అడిగాను. రెండోసారి విసుక్కున్నాడు.

ఇంటికొస్తే అత్తయ్య బట్టలు లోపలికి తెచ్చి మడతపెడుతోంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "వాన కాదత్తయ్యా అది! ఫిరంగులు!" అని అరిచాను.

ఆవిడ తలెత్తలేదు. చొక్కా చేతులు జాగ్రత్తగా లోపలికి మడిచింది. కొడుకు చొక్కా.

"నాకు తెలీదనుకున్నావా?" అంది. "వాన అనుకుంటే పొద్దు గడుస్తోంది. నువ్వూ అనుకో."

ఇద్దరం కలిసి మడతపెట్టాం.

ఏప్రిల్ 16

నీళ్ళు ఏడూ ఐదుకి వచ్చాయి. రెండో మోటారు బాగానే నడిచింది.

ఏప్రిల్ 17

కెప్టెన్ ఒకాయన పంపుహౌసుకి వచ్చాడు. మర్యాదస్తుడు. లోపలికొచ్చేముందు బూట్లు తుడుచుకున్నాడు, నన్ను మేడమ్ అన్నాడు, పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. మామూలు విషయాలే అడిగాడు. నీళ్ళు ఎన్నింటికొస్తాయి, ఎంతసేపు వస్తాయి, గేటు ఎన్నింటికి తెరిస్తే వస్తాయి. ఇవన్నీ రిజిస్టరులో ఉన్నవే. రిజిస్టరు తెరిచి చూస్తే ఎవరికైనా తెలుస్తాయి.

ఆ గేటుగది మేడమీంచి మా లారీల దారంతా కనిపిస్తోందట. అక్కడ కూర్చున్నవాళ్ళు చెబుతుంటేనే మలుపులో షెల్లులు పడుతున్నాయట. మామూలు జనానికి హాని జరక్కూడదనే ఇవన్నీ కనుక్కుంటున్నామన్నాడు. అది న్యాయంగానే ఉంది.

మా ఆయన గురించి అడిగాను. లారీ నంబరు రాసుకున్నాడు.

ఏప్రిల్ 18

రిజిస్టరులో ఉన్నవే చెప్పాను.

ఏప్రిల్ 20

కబురొచ్చింది! ఆయన బాగున్నాడు. మిట్ట దారి నుంచి తప్పించి వెనకాల డిపోకి మార్చారట. లారీల మరమ్మతు పని. అత్తయ్యకి చెవిలో గట్టిగా చెప్పాను. "అరవకు, వినిపించింది" అని కళ్ళొత్తుకుంది.

అదృష్టం. ఎంతమంది డ్రైవర్లున్నారు, అందులో ఈయన్ని మార్చడమంటే అదృష్టమే. ఏ మెకానిక్కో అవసరమై ఉంటాడు, ఈయనకి ఇంజను పని తెలుసు కాబట్టి పిలిచి ఉంటారు. అవును, అలాగే అయ్యుంటుంది.

ఏప్రిల్ 21

గేటన్నయ్య ఫోను చేస్తే స్కేలు రాసుకుని పెట్టేశాను.

ఏప్రిల్ 22

"ఏమ్మా, నా మీద అలిగావా?" అన్నాడు.

"లేదన్నయ్యా. మోటారు దగ్గరికెళ్ళాలి."

"మీ ఆయన కబురేమైనా తెలిసిందా?"

"తెలిసింది. బాగున్నాడు. డిపోలో వేశారు."

"హమ్మయ్య" అన్నాడు. గట్టిగా, పక్కవాళ్ళకి కూడా వినపడేలా. వెనక ఎవరో ఏదో అన్నారు. "దర్జీ కూడా సంతోషమంటున్నాడమ్మాయ్. నీ గురించి వీళ్ళకి చెబుతుంటాలే."

ఆ తర్వాత మోటారు వేయడం మర్చిపోయాను. బావి పొంగి కాలువలోకి పోతుంటే చూశాను. పదకొండేళ్ళలో ఇలా జరగలేదు.

ఏప్రిల్ 24

ఇంజనీరుగారు గుమ్మంలోంచే మాట్లాడారు. రేపు సాయంత్రానికి ఊళ్ళో ట్యాంకులు, తొట్లు, ఆసుపత్రి డ్రమ్ములు అన్నీ నింపెయ్యాలట.

"ఎందుకు సార్?"

"నింపమన్నారు."

"ఎల్లుండి నీళ్ళు రావా?"

"ఎల్లుండి సంగతి నన్నడక్కు. నాకేం తెలీదు. నిజంగా తెలీదు." తెలీనివాళ్ళు రెండుసార్లు చెప్పరు.

మధ్యాహ్నం పంపుహౌసు ముందు నుంచి పెద్ద తుపాకులు లాక్కుంటూ నాలుగు బండ్లు వెళ్ళాయి. గోడలు అదిరి గేజీ అద్దం పగిలింది. కొత్త అద్దం వేశాను. వేస్తుంటే వేలు తెగింది. కట్టు కట్టుకుని మళ్ళీ వెళ్ళి ఆ బండ్ల చక్రాల జాడలు చూసొచ్చాను. కాలువ వైపే వెళ్ళాయి.

ఎవరికీ హాని జరక్కుండా చూస్తామన్నాడు కెప్టెన్. అన్నాడు. నాతోనే అన్నాడు.

ఏప్రిల్ 25

ఐదూ ఇరవై నుంచి ఫోను ముందు నిలబడ్డాను. కూర్చోలేకపోయాను. మోగింది.

"పన్నెండడుగులుందమ్మాయ్ స్కేలు..."

"రేపు రాకన్నయ్యా."

"ఏంటీ?"

"రేపు గేటు దగ్గరికి రాకు. ఒంట్లో బాగాలేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. రాకు."

ఎవరో నవ్వడం వినిపించింది, చక్రం దగ్గర కాబోలు.

"సరేనమ్మా" అన్నాడు. ఎందుకని అడగలేదు. అంత తెలివైనవాడు అడక్కుండా పెట్టేశాడు.

చెప్పేశాను. ఎవరికైనా తెలిస్తే నన్ను గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. తెలియనీ. ట్యాంకులన్నీ నింపాను. ఊరు ఊరంతా నిండుగా ఉంది. నేను సాయంత్రం దాకా గదిలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను.

ఏప్రిల్ 26

ఐదున్నరకి ఫోను మోగలేదు. మంచిది. మోగకూడదు.

ఐదూ నలభైకి మొదలైంది. నాలుగు తుపాకులూ ఒకేసారి. పావుగంట. తర్వాత పక్షులు కూడా లేవు.

నీళ్ళు రావని తెలుసు. గేటు తెరిచేవాడు లేడుగా. అయినా ఏడింటికి అలవాటుగా బావి దగ్గరికి వెళ్ళాను.

నీళ్ళొచ్చాయి.

ఏడూ రెండుకి. నిండు ప్రవాహం. పద్నాలుగు చుట్ల నీళ్ళు, నాకు చూడగానే తెలుస్తుంది. తొమ్మిదింటికి ఆగాలి, ఆగలేదు. మధ్యాహ్నం ఆగలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదు, ఇంకా వస్తూనే ఉన్నాయి. మూసేవాళ్ళు లేరు.

వెళ్ళాడన్నమాట. చెప్పినా వెళ్ళాడు. ఖాళీ బావి ముందు నేను కూర్చునుంటానని వెళ్ళాడు.

ఏప్రిల్ 27

ఫోను తిప్పాను. అటు గంట మోగే బరువు చేతికి తగల్లేదు. హ్యాండిల్ ఊరికే తిరిగింది.

ఏప్రిల్ 29

తిప్పాను.

మే 3

కాల్పుల విరమణ. రేడియోలో రెండు దేశాలూ గెలిచాయి. మిట్ట మీద ఎవరూ ఉండకూడదని ఒప్పందమట. తొండలకి వదిలేశారు.

ఈ మాట చెప్పుకుని నవ్వడానికి ఒక మనిషుండాలి.

మే 9

ఆయన వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. అత్తయ్య చేత్తో మొహమంతా తడిమి, "స్నానం చెయ్" అంది. అంతే అంది. నేను వేణ్ణీళ్ళు తోడుతుంటే వెనకాల నిలబడి, "డిపోలో వెయ్యకపోతే వచ్చేవాణ్ణి కాదే. ఆ మలుపులో మా బ్యాచిలో తొమ్మిది మంది పోయారు. ఎవడి పుణ్యమో" అన్నాడు.

నీళ్ళు వేడిగా ఉన్నాయి, చల్లవి కలుపుకోమన్నాను.

మే 16

గేటు బాగుచెయ్యడానికి రెండు శాఖలూ కలవాలన్నారు. ఇంజనీరుగారు నన్ను జీపులో ఎక్కించుకున్నారు. ముందు తెల్లజెండా కట్టారు. పదకొండేళ్ళుగా ఆ నీళ్ళు తాగుతూ ఆ కాలువగట్టు మీద మొదటిసారి వెళ్ళాను. గేటుగదికి పైకప్పు లేదు. ఇసుకబస్తాలు చిరిగి ఇసుక మెట్లమీంచి కారినట్టుంది. చక్రం ఒకవైపు వంగిపోయింది.

పెద్దవాళ్ళు కాగితాలు పరుచుకున్నారు. నేను చక్రం దగ్గరే నిలబడిపోయాను. చూడకూడదనుకుంటూనే నేలంతా చూస్తున్నాను.

"రెండో మోటారు దగ్గు తగ్గిందా?"

వెనక్కి తిరిగాను. పొట్టిగా, బట్టతలతో ఒకాయన. భుజం దగ్గర జారిన చొక్కా. ఈ గొంతుకి నేను పదకొండేళ్ళుగా ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను.

ఏడ్చేదాన్నే. పక్కన వాళ్ళ అధికారి ఉన్నాడు. గేటన్నయ్య కొలతల టేపు నా చేతికిచ్చి, "ఆ చివర పట్టుకోండి మేడమ్" అన్నాడు గట్టిగా. ఇద్దరం గేటు కడ్డీ పొడవు కొలుస్తూ వంగాం.

"నువ్వు రాలేదా ఆ రోజు?"

"రాలేదు. నువ్వు చెప్పావుగా."

"మరి నీళ్ళొచ్చాయే?"

ఆయన టేపు మీది అంకెలు చూస్తున్నాడు. "ముందురోజు వెళ్ళేటప్పుడు వాళ్ళకి చెప్పాను, రేపు నేను రాకపోవచ్చని. 'ఫర్లేదు బాబాయ్, పడుకో, మేం తిప్పేస్తాంలే, ఎన్ని చుట్లో తెలుసుగా' అన్నాడు దర్జీ. వద్దనాలి. నోటిదాకా వచ్చింది. వద్దంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే ఎవరు చెప్పారంటాడు. నిన్ను చూపించాలి, లేదా నన్ను చూపించుకోవాలి. సరే నాయనా అన్నాను. ఇంటికెళ్ళి పడుకున్నాను."

నేను పట్టుకున్న చివర కడ్డీ మీంచి జారింది. "సరిగ్గా పట్టుకో" అన్నాడు.

"పద్నాలుగూ తిప్పారు. మీ నాలుగూ కలిపి."

చెప్పకుండా ఉండలేకపోయాను. "అన్నయ్యా, మా కెప్టెనుకి టైము చెప్పింది నేనే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"రావద్దన్నప్పుడే. అంతమాట చెప్పగలిగావంటే నీకు ముందే తెలియాలి. నీకెలా తెలుస్తుంది మరి?" కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. "కొలత చెప్పు."

"నలభై ఒకటిన్నర."

రాసుకున్నాడు. వెళ్ళేముందు టేపు చుడుతూ అడిగాడు, "మీ ఆయన వచ్చేశాడా?"

"వచ్చాడు."

"మా ఆవిడకి చెబుతాను. రోజూ అడుగుతోంది."

మే 17

ఏప్రిల్ 17న రాసింది చదివాను. ఇప్పుడు సరిగ్గా రాస్తాను. దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు కదా, ఎవరికి భయపడి అలా రాశాను?

కెప్టెన్ వచ్చాడు. అతను అడక్కముందే నేను మా ఆయన సంగతి అడిగాను. పదమూడు రోజులుగా కబురు లేదు, బతికున్నాడో లేదో చెప్పండి అన్నాను. లారీ నంబరు రాసుకున్నాడు. "చూస్తాను మేడమ్. మీరూ కొంచెం సాయం చెయ్యాలి" అన్నాడు.

గేటు ఎప్పుడు తెరుస్తారన్నాడు. ఐదున్నర అన్నాను. ఇది రిజిస్టరులో లేదు. రిజిస్టరులో నీళ్ళు వచ్చే టైమే ఉంటుంది.

మేడమీద ఎంతమంది అన్నాడు. ఇద్దరు అన్నాను.

"వాళ్ళు ఇసుకబస్తాల వెనకాల ఉంటే మాకు కష్టం" అన్నాడు తనలో తను అనుకున్నట్టు. అడగలేదు. ఇది ప్రశ్న కాదు. అప్పుడు నేను చెప్పాను. "ఐదున్నరకి ఇద్దరూ కిందికి దిగుతారండీ. చక్రం తిప్పడానికి."

అతను పెన్ను మూత పెట్టి, "థాంక్స్ మేడమ్" అన్నాడు. బూట్లు మళ్ళీ తుడుచుకుని వెళ్ళాడు.

అడగని మాట చెప్పాను. అతని మొహంలో సంతోషం చూడాలని చెప్పాను. సంతోషిస్తే మా ఆయన్ని మారుస్తాడని. మార్చాడు.

మే 20

తీగ కలిపారు. కొత్త చక్రం వచ్చేదాకా గేటుని జాకీతో ఎత్తుతున్నారట. పొద్దున గేటన్నయ్య, నేను మాట్లాడుకున్నాం. స్కేలు పదకొండున్నర. అంతవరకే.

మే 22

మునిసిపల్ హాల్లో నాకు ప్రశంసాపత్రం ఇస్తారట. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఊరికి ఒక్కరోజు కూడా నీళ్ళు ఆగనివ్వలేదని. రానన్నాను. "నువ్వు రాకపోతే నన్నడుగుతారమ్మా" అన్నారు ఇంజనీరుగారు. మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అత్తయ్య ముందు వరసలో కూర్చుంటానంటోంది, వినపడకపోయినా.

మే 24

హాలు నిండిపోయింది. కెప్టెన్ ముందు వరసలో ఉన్నాడు. చైర్మన్ పత్రం చదివాడు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు.

థాంక్స్ చెప్పి దిగిపోదామనే లేచాను. మైకు పట్టుకున్నాక ఇలా వచ్చింది:

"నీళ్ళు నేను ఇవ్వలేదు. అటువైపు గేటు తిప్పేవాళ్ళున్నారు, వాళ్ళిచ్చారు. ఏప్రిల్ ఇరవయ్యారున మీరు తాగిన నీళ్ళు ఇద్దరు జవాన్లు తిప్పితే వచ్చాయి. వాళ్ళు ఏ టైముకి చక్రం దగ్గర నిలబడతారో మనవాళ్ళకి చెప్పింది నేను. నేను చెప్పడం వల్లే ఇద్దరూ పోయారు."

నన్ను తిడతారనుకున్నాను. తిడితే పడదామనుకునే నిలబడ్డాను.

చప్పట్లు మొదలయ్యాయి.

ముందు కెప్టెన్ లేచి కొట్టాడు. తర్వాత చైర్మన్. తర్వాత హాలంతా లేచింది. ఎవరో శభాష్ అని అరిచారు. టైర్ల షాపాయన ఏడుస్తూ కొడుతున్నాడు. కాదు, నేను చెప్పేది అది కాదు అన్నాను మైకులోనే. వినపడలేదు. అత్తయ్య అందరినీ చూసి తనూ కొట్టింది.

మా ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

అత్తయ్యని రిక్షా ఎక్కించి ఇద్దరం నడిచాం. బజారు దాటాక అడిగాడు.

"నన్ను డిపోకి మార్చింది అందుకేనా?"

"అవును."

"ఆ గేటాయన బతికున్నాడన్నావు. ఎలా?"

"ముందురోజు నేనే రావద్దన్నాను."

ఆగిపోయాడు. వెనకాల ఎవరైనా ఉన్నారేమో చూశాడు. "ఇది అక్కడ చెప్పలేదు నువ్వు."

"చెబితే చప్పట్లు కొట్టరు."

మళ్ళీ నడిచాం. ఇంటి సందు మొదట్లో అన్నాడు, "నేను నీ చోట ఉంటే చెప్పేవాణ్ణి కాదనుకుంటున్నాను. కానీ ఇంటికి వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎలా అనను?"

సందులోకి తిరిగాం.

మే 25

ఆయన మాట్లాడటం లేదు. మధ్యాహ్నం తను వడ్డించుకుని, నా కంచంలోనూ వడ్డించాడు. ఎదురుగా కూర్చున్నాడు. తిన్నాం.

మే 26

సాయంత్రం పంపుహౌసుకి వచ్చాడు, ఎప్పుడూ రానివాడు. రెండో మోటారు చప్పుడు విని, బేరింగు పోయింది, ఇన్నాళ్ళూ దగ్గు అంటూ కూర్చున్నావా అన్నాడు. విప్పాడు. చేతులకి గ్రీజుతో, తలెత్తకుండా అడిగాడు.

"వాళ్ళిద్దరికీ పిల్లలున్నారా?"

"తెలీదు. అడగలేదు."

"అడుగు."

మే 27

అడిగాను. గేటన్నయ్య ముందు స్కేలు చదివాడు. తర్వాత చెప్పాడు. రెండోవాడికి పెళ్ళి కాలేదు. దర్జీకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తనే గౌను కుట్టాడట, కాపలాలో కూర్చుని, చేతికుట్టు. మొన్న గేటన్నయ్యే తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడట.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. తలూపాడు. బేరింగు కడుగుతున్న చెయ్యి కాసేపు ఆగింది.

"రెండోదానికి ఎన్నేళ్ళు?" అన్నాడు.

అది అడగలేదు. రేపు అడగాలి.